కథను సగంలో ఆపవద్దు



"అయ్యగారూ, మా పిల్లలకు ఇంట్లో బైబిలు ఎలా నేర్పాలి? మీరైతే చదువుకున్నారు, మాకు చేతకాదు" అని సంఘంలోని తల్లులు తరచుగా అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు జవాబుగా ఈ నెల నా ఇంట్లో నేను చేసిన ఒక పొరపాటును మీ ముందు ఒప్పుకుంటున్నాను. వేదాంత విద్యలో డిప్లొమా చేసిన నాకు ఆ పాఠం నేర్పింది ఆరేళ్ల నా కూతురు.

అది 2014వ సంవత్సరం. విశాఖపట్నానికి దగ్గరలోని ఒక గ్రామ సంఘంలో సేవ చేస్తున్నాం. ఒకరోజు స్త్రీల కూటానికి తెచ్చిన బిస్కెట్లు మా అమ్మాయి తినేసి, తినలేదని అబద్ధమాడింది. నేను కోపంతో కూర్చోబెట్టి నోవహు కథ చెప్పాను. మనుష్యుల చెడుతనం, ఎడతెగని వాన, దేవుడు ఓడ తలుపు మూయడం, బయట ఉన్నవారంతా మునిగిపోవడం. అక్కడితో ఆపేశాను. "చూశావా, అబద్ధాలాడితే ఏమవుతుందో!" అన్నాను. పాప వణికిపోయి నిజం ఒప్పుకుంది. మందు బాగా పనిచేసిందని లోలోపల సంతోషించాను.

కొన్ని వారాల తరువాత, అక్టోబరు 12 ఆదివారంనాడు, హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ రోజు మాకు ఆరాధన జరగలేదు. కరెంటు పోయింది. చెట్లు విరిగిపడుతున్న చప్పుడు, రేకులు కొట్టుకుంటున్న చప్పుడు. తలుపు సందుల్లోనుంచి నీళ్లు లోపలికి వస్తున్నాయి. మేము ప్రార్థన చేసుకుంటుండగా పాప వాళ్లమ్మ కొంగులో ముఖం దాచుకొని, "నాన్నా, మనం ఓడ లోపల ఉన్నామా, బయట ఉన్నామా?" అని అడిగింది. నాకు వెంటనే అర్థం కాలేదు. అంతలో మళ్లీ, "నేను బిస్కెట్లు తిన్నందుకేనా ఈ గాలి?" అంది.

ప్రియులారా, ఆ మాట నా గుండెను కోసింది. ప్రతి ఆదివారం సంఘానికి దేవుని ప్రేమను ప్రకటించే నేను, నా బిడ్డ మనసులో ఎలాంటి దేవుణ్ణి నిలబెట్టాను? పాపను దగ్గరకు తీసుకొని, "లేదమ్మా, ఈ గాలి నీవల్ల రాలేదు. నాన్న నీకు కథ సగమే చెప్పాడు, తప్పు నాదే" అన్నాను. ఆ చీకట్లోనే మిగిలిన సగం చెప్పాను. దేవుడు నోవహును జ్ఞాపకం చేసుకోవడం, నీళ్లు తగ్గడం, పావురం ఒలీవ ఆకు తేవడం, చివరికి మేఘంలో ధనుస్సు. "ఆ ధనుస్సు దేవుడికి కూడా కనబడుతుందా?" అని అడిగింది. "కనబడుతుంది తల్లీ. దాన్ని చూసి తన మాట జ్ఞాపకం చేసుకుంటానని ఆయనే చెప్పాడు" అన్నాను. గాలి తగ్గలేదు గాని, పాప నిద్రపోయింది.

ఆనాటినుండి మా ఇంట్లో కొన్ని నియమాలు పెట్టుకున్నాం. మీకూ ఉపయోగపడతాయని తెలియజేస్తున్నాను.

మొదటిది, కథను దేవుని కనికరం కనబడేవరకు చెప్పండి. యోనా కథను చాలామందిమి చేప దగ్గరే ముగిస్తాం. "మాట వినకపోతే చేప మింగుతుంది" అని పిల్లలకు గుర్తుండిపోతుంది. కాని ఆ గ్రంథం ముగిసేది నీనెవె పట్టణంలోని 1,20,000 మందికి పైగా అమాయకులమీద, అక్కడి పశువులమీద కూడా దేవునికున్న జాలితో. పాపాన్ని, తీర్పును దాచిపెట్టమని నేను చెప్పడం లేదు. అక్కడే ఆగిపోవద్దంటున్నాను. అననీయ సప్పీరాల సంగతివంటివి పసిపిల్లలు కొంచెం పెద్దవారయ్యాక చెప్పవచ్చు.

రెండవది, వాక్యాన్ని బెత్తంగా వాడవద్దు. "కళ్లు పోతాయి" అని బెదిరించడం మన ఇళ్లలో పాత అలవాటు. ఆ అలవాటునే మనం బైబిలులోకి తీసుకొస్తున్నాం. తప్పు చేసినప్పుడు బిడ్డను మందలించండి, అది మన బాధ్యత. కాని ఆ కోపంలో బైబిలు తెరవకండి. అల్లరికి శిక్షగా కంఠత వాక్యం వందసార్లు రాయించిన ఇంట్లో ఆ వాక్యం బిడ్డకు తియ్యగా ఉంటుందా? ఆలోచించండి.

మూడవది, ప్రశ్నకు చోటివ్వండి. నిర్గమకాండము 12లో పస్కాను గురించి, యెహోషువ 4లో యొర్దానులోనుండి తీసిన 12 రాళ్లను గురించి పిల్లలు అడుగుతారని, అప్పుడు పెద్దలు జవాబు చెప్పాలని దేవుడు ముందే ఏర్పాటు చేశాడు. నా కూతురు ఆ రాత్రి అడగకపోతే ఆ భయం దాని మనసులోనే పెరిగేది. జవాబు తెలియకపోతే "కనుక్కొని చెబుతాను" అనండి. అందులో చిన్నతనం లేదు.

నాలుగవది, కొద్ది సమయమే చాలు, కాని అది ఆ బిడ్డదై ఉండాలి. ఇంగ్లాండులోని ఎప్‌వర్త్‌లో సుసన్నా వెస్లీ 19 మంది పిల్లలను కన్న తల్లి, వారిలో చాలామందిని పసితనంలోనే పోగొట్టుకుంది. రోజుకొక బిడ్డతో విడిగా కూర్చొని మాట్లాడతానని 1712లో భర్తకు ఉత్తరం రాసింది. గురువారం జాన్‌ది. మెథడిస్టు ఉద్యమాన్ని నడిపించిన జాన్ వెస్లీ ఆయనే. వారానికి 168 గంటలుంటే సండే స్కూలు ఒక్క గంటే. మిగిలిన 167 గంటలు బిడ్డ చూసేది మన ముఖాన్నే. అందుకే ద్వితీయోపదేశకాండము 6లో మోషే, ఈ మాటలు ముందు మీ హృదయంలో ఉండాలని చెప్పి, ఆ తరువాతే పిల్లలకు నేర్పమన్నాడు.

చదువు రాని తల్లులారా, మీరు వెనుకంజ వేయకండి. తిమోతి విశ్వాసం మొదట అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉన్నదని పౌలు జ్ఞాపకం చేశాడు. ఆదివారం విన్న కథను అన్నం కలుపుతూ మీ మాటల్లో చెప్పండి. పెద్దబిడ్డ చేత చదివించుకొని వినండి. చివరివరకు చెప్పడం మాత్రం మరువకండి.

ఈ రాత్రి సెల్‌ఫోను, టీవీ పక్కన పెట్టి, మీ బిడ్డను ఒక్క మాట అడగండి: "దేవుడంటే నీకు భయమా, ఇష్టమా?" ఏమి చెప్పినా కోపగించకుండా వినండి. మనం సగంలో ఆపిన కథలన్నీ ఆ జవాబులో బయటపడతాయి. మిగిలిన సగం చెప్పడానికి ఇంకా సమయమున్నది.

ప్రభువు మీ కుటుంబాలను దీవించును గాక. ఆమేన్.