వేంకటాచలయాత్ర – వసతి విచారము

శ్రీ గురుభ్యో నమః. శ్రీ వేంకటేశాయ నమః.

మా పీఠికాపుర పాదగయాక్షేత్రానికి పితృకార్యార్థం వచ్చే యజమానులలో అనేకులు, కార్యం ముగిసిన పిమ్మట తిరుమలయాత్రా సంకల్పాన్ని ప్రస్తావిస్తారు. ప్రయాణానికి అనుకూలమైన తిథివారనక్షత్రాలను అడుగుతారు. ఆపైన తప్పక వచ్చే ప్రశ్న ఒకటి ఉన్నది: "పంతులుగారూ, కొండమీద గది దొరికే మార్గమేమైనా ఉన్నదా? అక్కడ తమకు తెలిసినవారెవరైనా ఉన్నారా?" యాత్ర ముగించుకొని వచ్చినవారిని దర్శనం ఎట్లు జరిగినదని అడిగితే, ప్రథమ సమాధానం గదిని గురించియే. దొరికితే దాని సౌకర్యవర్ణనం, దొరకకపోతే నిష్ఠూరం. స్వామి ముఖారవిందం గురించిన మాట ఆ తరువాత వస్తుంది, కొన్నిసార్లు అసలే రాదు.

విడిది ఎక్కడ అనేది సౌకర్యానికి మాత్రమే సంబంధించిన విషయమని మనం భావిస్తున్నాము. అది ధర్మవిషయమని నా అభిప్రాయం. కొండమీద నివాసం సేవకులది, అశక్తులది. కేవల దర్శనార్థులమై, శరీరంలో శక్తి ఉండి వెళ్ళే మనవంటివారికి కొండపాదమే యుక్తమైన విడిది. ఈ మాట కొందరికి కఠినంగా తోచవచ్చును. కాని క్షేత్రమాహాత్మ్యమూ, ఆచార్యుల చరిత్రమూ, నేటి పరిస్థితీ ఈ మూడూ ఇదే బోధిస్తున్నవి.

మొదట మాహాత్మ్యాన్ని విచారిద్దాము. వేంకటాద్రి ఆదివరాహక్షేత్రం. వైకుంఠం విడిచి భూలోకానికి వచ్చిన శ్రీనివాసుడు ఆ కొండపై నివసించదలచినప్పుడు, క్షేత్రాధిపతియైన వరాహస్వామిని స్థలం యాచించినాడు. నూరు అడుగుల తావు లభించినది. దానికి ప్రతిగా ఇచ్చుటకు చేత ధనం లేదు. కావున, తన దర్శనానికి వచ్చే భక్తులు ముందుగా వరాహస్వామిని దర్శించేటట్లు, ప్రథమపూజ, ప్రథమనైవేద్యం ఆయనకే జరిగేటట్లు మాట ఇచ్చినాడు. ఈనాటికీ పుష్కరిణీతీరాన వరాహస్వామిని సేవించిన తరువాతనే శ్రీవారి దర్శనానికి వెళ్ళవలెనన్న నియమానికి మూలమిదే. జగదీశ్వరుడే ఆ కొండపై అతిథిగా, అనుమతి తీసుకొని, ప్రతిఫలం సమర్పించి నివసిస్తున్నాడు. అట్టిచోట 'నాకు గది రావలసినదే' అని హక్కుగా పలుకుటకు మనమెంతవారము?

కల్యాణానంతర కథనూ స్మరింతము. నారాయణవనంలో పద్మావతీదేవిని పరిణయమాడిన శ్రీనివాసుడు వెంటనే కొండ ఎక్కలేదు. నూతనవధూవరులు ఆరుమాసములు కొండ ఎక్కరాదన్న నియమాన్ని మన్నించి, అగస్త్యమహర్షి ఆశ్రమంలో విడిది చేసినాడు. నేటి శ్రీనివాసమంగాపురం ఆ కథతో ముడిపడిన స్థలమే. ఎవరి కొండో ఆయనయే, నియమం అడ్డువచ్చినప్పుడు, కింద ఆగినాడు! అమ్మవారి నివాసమూ కొండమీద కాదు, తిరుచానూరులో. ఇక తిరుపతి పట్టణమధ్యంలో గోవిందరాజస్వామి శయనించి ఉన్నాడు. కుబేరుని అప్పు తీర్చుటకు ధనం కొలిచి కొలిచి అలసి, కుంచం తలకింద పెట్టుకొని పడుకొన్నాడని మన పెద్దలు పిల్లలకు చెప్పే ముచ్చట. కొండమీది మూర్తి స్థానకమూర్తి, నిలిచి ఉన్నవాడు. కొండకింది మూర్తి శయనమూర్తి. పవళించిన స్వామి పాదాల చెంతనే మనమూ నిద్రించి, నిలిచిన స్వామి ఎదుట నిలుచుటకు పైకి వెళ్ళుట ఎంత సహజంగా ఉన్నది!

ఇక ఆచార్యుల మార్గం. భగవద్రామానుజులవారు వేంకటాద్రిని ఆదిశేషస్వరూపంగా భావించి, దానిపై పాదం మోపుటకే సంకోచించినారని సంప్రదాయం. తుదకు మోకాళ్ళమీద ఎక్కినారని చెప్పే తావును నేటికీ మోకాళ్ళపర్వతమని పిలుస్తున్నాము. ఆయన తన మేనమామయైన తిరుమలనంబివద్ద శ్రీరామాయణార్థాలను ఒక సంవత్సరకాలం అభ్యసించినది కొండమీద కాదు, కొండపాదంలో. స్వామి అభిషేకానికి నిత్యం తీర్థం మోసిన తిరుమలనంబి, తన కైంకర్యం ముగించుకొని, దిగివచ్చి పాఠం చెప్పేవారు. సేవ ఉన్నవాడు పైన, విద్యార్థి కింద. ఎవరి స్థానం ఏదో ఆ మహనీయులు ఎంత స్పష్టంగా ఎరిగియున్నారు!

ఆ రామానుజులవారే ఒకనాడు శిష్యులను ప్రశ్నించినారు: కొండమీద నివసించి, స్వామికి పూలతోట పెంచి, పుష్పకైంకర్యం చేయగలవారెవరు? అక్కడి చలి, ఏకాంతం, అరణ్యవాసం తలచి అందరూ మౌనం వహించగా, అనంతాళ్వాన్ ఒక్కడే లేచినాడు. సతీసమేతంగా కొండ చేరి, చెరువు త్రవ్వి, తోట పెంచినాడు. ఆయన గునపం మహాద్వారంవద్ద నేటికీ వ్రేలాడుచున్నది. ఆ ద్వారం దాటి లోపలికి వెళ్ళే ప్రతి భక్తుడూ తల ఎత్తి చూడదగిన వస్తువు అది. ఆనాడు కొండమీద నివాసమంటే కష్టం. ఎవరూ ముందుకు రాలేదు. నేడు అదే నివాసం సౌఖ్యం. అందరమూ పోటీ పడుచున్నాము. మారినది కొండ కాదు.

మార్పునకు కారణం దారి. 1944లో మొదటి ఘాటురోడ్డు ఏర్పడేవరకు యాత్రికులు నడిచియో, డోలీలలోనో వెళ్ళవలసినదే. ఎక్కుటకే ఒక పూట పట్టే కాలంలో పైన రాత్రి గడపక తప్పేది కాదు. మంటపాలు, మఠాలు, సత్రాలు ఆశ్రయమిచ్చేవి. నేడు తిరుపతినుండి కొండకు బస్సులో ఒక గంట చాలును. కనుక నాటి అవసరం నేడు చాలామందికి లేదు. కాని అలవాటు మిగిలినది, దానికి ప్రతిష్ఠ తోడైనది.

లెక్కను కూడ ఆలోచించండి. సామాన్యదినాలలోనే తిరుమలకు రోజుకు 60 వేలనుండి 80 వేలమంది వరకు వస్తున్నారు. గదులు కొన్ని వేలు మాత్రమే. చుట్టూ అరణ్యం, కొండను పెంచలేము, చెట్లను నరికి గదులు కట్టుకుంటూ పోలేము. ఈ స్థితిలో శక్తి ఉన్న ఒక కుటుంబం కేవలం సామాను ఉంచుకొనుటకు ఒక గది పట్టితే, మరొక కుటుంబంలోని పసిబిడ్డ ఆ రాత్రి ఆరుబయట చలిలో నిద్రించవలసి ఉంటుంది. స్వామి సన్నిధిలో మనకు తెలియకుండానే మూటకట్టుకొనే దోషమిది. దర్శనపుణ్యాన్ని తూచేటప్పుడు దీనినీ తూచవద్దా?

ఇక సిఫారసు లేఖల విషయం. దీనిని నేను స్పష్టంగా చెప్పవలసియున్నది. మహాభారత వనపర్వంలో పులస్త్యమహర్షి భీష్మునకు తీర్థఫలాన్ని ఉపదేశిస్తూ, చేతులు, పాదాలు, మనస్సు నియమంలో ఉన్నవానికి, ప్రతిగ్రహంనుండి నివృత్తుడై, లభించినదానితో సంతుష్టుడైనవానికి, అహంకారం లేనివానికి ఆ ఫలం లభిస్తుందని చెప్పినాడు. ప్రతిగ్రహమంటే దానం స్వీకరించుట. అధికారంలో ఉన్నవారి వాకిట నిలిచి ఒక లేఖ సంపాదించుకొనుట ప్రతిగ్రహం కాక మరేమి? ధనప్రతిగ్రహం కంటే ఇది సూక్ష్మమైనది. ఎందుకనగా ఆ ఋణం ఏ రూపంలో తీర్చవలసివచ్చునో మనకు తెలియదు. 'లేఖవలన ఎవరికీ నష్టం లేదు కదా' అని కొందరంటారు. వరుసలో నిలిచినవాడిని దాటిపోయినప్పుడు నష్టం అతనిదే. అతడు మనకు కనబడడు, అంతే. ఎవరివద్దనైనా యాచించవలెనన్న ఆర్తి ఉంటే, స్థలం యాచించి ఆ కొండపై నిలిచిన స్వామినే యాచించుదము. ఆయనకు ఆ బాధ తెలుసును.

గది దొరకనివారి కోపం గురించియూ ఒక మాట. శ్రీనాథమహాకవి భీమేశ్వరపురాణంలో వర్ణించిన వ్యాసవృత్తాంతం మన గోదావరీమండలవాసులకు సుపరిచితమే. కాశిలో దినాలతరబడి భిక్ష దొరకక, వ్యాసభగవానుడంతటివాడు క్రోధవశుడై కాశీనగరాన్నే శపించబోయినాడు. ఫలితంగా కాశీవాసాన్నే కోల్పోయి, శిష్యసహితంగా దక్షారామానికి బయలుదేరినాడు. ఆ మార్గంలో మా పీఠికాపురమూ ఉన్నది. ఒక పూట అన్నం దొరకలేదన్న కోపం మహర్షికే క్షేత్రవాసాన్ని దూరం చేసినప్పుడు, ఒక రాత్రి గది దొరకలేదని కౌంటరువద్ద ఉద్యోగిని దూషించే మనకు ఏమి మిగులును? క్షేత్రంలో కలిగిన లోటును పరీక్షగా గ్రహించినవాడే యాత్రికుడు.

ఇక్కడ ఒక ప్రబలమైన ఆక్షేపణ కలదు. 'కొండమీద ఒక రాత్రి నిద్ర చేస్తామని మొక్కుకొన్నాము. కింద ఉంటే మొక్కు తీరునా?' అని మన ప్రాంతంలోని గృహిణులు అడుగుతారు. ఈ ఆచారం పట్ల నాకు గౌరవమున్నది. క్షేత్రంలో నిద్ర చేయుట అనగా ఆ రాత్రికి దేహాన్నీ, దానిపై మమకారాన్నీ దేవునికి అప్పగించుట. దానికి కావలసినది నేలమీద ఒక చాప, మనస్సులో ఒక నామం. తలుపు గడియ, మెత్తని పరుపు, దూరదర్శన యంత్రం ఆ మొక్కులో లేవు. అట్టి మొక్కు ఉన్నవారు తిరుమలలోని యాత్రికవసతి సముదాయాలలో, సామాన్యజనుల మధ్య, భద్రపేటికలో సామాను ఉంచుకొని, హాలులో చాపపై పడుకొనవచ్చును. మొక్కు సంపూర్ణంగా తీరుతుంది; నిజమునకు అక్కడనే తీరుతుంది. మొక్కు లేనివారికి, తిరుపతి, తిరుచానూరు, కపిలతీర్థం అన్నీ వేంకటాచల క్షేత్రపరిధిలోనివే. అక్కడి నిద్రయూ క్షేత్రనిద్రయే.

మరి గదులు ఎవరికి? వృద్ధులకు, రోగులకు, గర్భిణులకు, పసిబిడ్డల తల్లులకు నిస్సంశయంగా కొండమీద వసతి ఉండవలెను. వేకువకు ముందే సుప్రభాతసేవకు వెళ్ళవలసినవారికీ అది అవసరమే. శ్రీవారి సేవకులుగా వచ్చి క్యూలలో నీరు అందించేవారు, అన్నప్రసాదశాలలో వడ్డించేవారు అనంతాళ్వాన్ వారసులు. వారి నివాసం కొండమీదనే న్యాయం. మన అన్నవరం రత్నగిరిమీద వ్రతం ఆచరించే దంపతులు పైన సత్రంలో బస చేయుటయూ ఇట్టిదే. వారికి అక్కడ ఆచరించవలసిన కర్మ ఉన్నది. పని లేనిచోట బస అతిథిధర్మం కాదు.

శక్తి ఉన్నవారికి నేను సూచించే క్రమమిది. మొదటిరోజు తిరుపతిలో దిగవలెను. రైల్వేస్టేషను ఎదుట విష్ణునివాసం, బస్సుస్టాండు సమీపాన శ్రీనివాసం, మాధవం అనే దేవస్థానం వసతిగృహాలు ఉన్నవి. ముందుగా నమోదు చేసుకొనుట మంచిది. ఆనాడు కపిలతీర్థస్నానం, గోవిందరాజస్వామి దర్శనం, తిరుచానూరులో అమ్మవారి దర్శనం చేసుకొని, అల్పాహారం తీసుకొని, తొందరగా విశ్రమించవలెను. మరునాడు ఉదయం అలిపిరినుండి నడకదారి: సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీనివాసమంగాపురం వైపునుండి వెళ్ళే శ్రీవారిమెట్టు దారి దూరం తక్కువ, సుమారు 2,400 మెట్లు. అయితే ఎక్కుడు అధికం. అరణ్యమార్గం కనుక వేళలకు, పిల్లలకు సంబంధించిన దేవస్థాన నియమాలను తప్పక పాటించవలెను. నడవలేనివారు బస్సులో వెళ్ళుటలో ఏ లోపమూ లేదు. పైన పుష్కరిణీతీర్థసేవనం, వరాహస్వామి దర్శనం, ఆపైన శ్రీవారి దర్శనం, తరిగొండ వెంగమాంబ అన్నప్రసాదభవనంలో భోజనం, అనంతరం అవరోహణం. పైన ఒక్క గంట కూడ గదిలో గడవదు. గడిచిన ప్రతి క్షణమూ స్వామి వీధులలోనే గడుస్తుంది.

గది లభించినవారికి నాలుగు నియమాలు. అవసరం తీరిన వెంటనే, గడువు మిగిలి ఉన్నా, తాళంచెవి అప్పగించండి. మరొకరికి అది వరప్రసాదం. గదిలో లోకవ్యవహారాల చర్చ, పేకాట, చరవాణిలో బిగ్గరమాటలు మానండి. నీటిని పొదుపుగా వాడండి. కొండమీద నీరు వానదేవుని దయ. బయలుదేరేముందు గదిని శుభ్రపరచండి. అదియే మీరు చేయగల కైంకర్యం.

జీవుడు ఈ దేహంలో ఉండుట కూడ ఒక విడిదియే. ఎవరో ఇచ్చిన తావులో, ఎవరి అనుమతితోనో కొంతకాలం ఉన్నాము. తాళంచెవి ఏనాటికైనా తిరిగి ఇవ్వవలసినదే. దానిని అలుక లేకుండ, గదిని మలినపరచకుండ అప్పగించుట వేంకటాచలయాత్రలో అభ్యసించగలిగితే, ఆ యాత్ర ఒక్క రాత్రితో ముగిసేది కాదు.

శుభం భూయాత్.