ఇంటి బడికి కావలసిన సామాను



పిల్లలను బడికి పంపక యింటనే చదివించుకొను కుటుంబములు మన సంఘములలోను కొన్ని కలవు. 2020వ సంవత్సరమున కోవిడు తెగులువలన బడులు మూయబడినప్పుడు గత్యంతరము లేక మొదలుపెట్టినవారు కొందరు, బడులు తెరచిన పిమ్మటను దానిని విడువలేదు. అది తప్పని నేననను. నా తగవు వేరు. వారు నాయొద్దకు వచ్చి మొదట అడుగునది, "అయ్యగారూ, ఏ కంపెనీ పుస్తకములు తెప్పించమందురు?" అని. రెండవది, "మావానికి చదువుమీద మనసు లేదు, ఏమి ఆశ చూపించమందురు?" అని. ఈ రెంటికిని నేను జవాబు చెప్పను. ఎందుకు చెప్పనో వినుడి.

ఒక యింటికి ప్రార్థనకు వెళ్లితిని. అలమర నిండ అమెరికానుండి తెప్పించిన పుస్తకములు, రంగు రంగుల అట్టలు. గోడమీద ఒక చార్టు, దాని నిండ బంగారు రంగు నక్షత్రములు. పాఠమునకొక నక్షత్రమట; పది నక్షత్రములైన చాక్లెట్టట. ఎనిమిదేండ్ల పిల్లవాడు డాలర్లలోను సెంట్లలోను లెక్కలు గడగడ చేసి చూపించెను. "కిలో నలువది రూపాయలైతే ముప్పావుకిలో వంకాయల వెల యెంత, నాయనా?" అని అడిగితిని. వాడు తల్లి ముఖము చూచెను. ఆ పుస్తకములకై ఆ తల్లి గాజులు తాకట్టు పెట్టినదని తరువాత తెలిసి, నాకు రెండు దినములు అన్నము సయింపలేదు.

ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకములును, మన రాష్ట్ర ప్రభుత్వముల పాఠ్యపుస్తకములును పైసా లేకుండ సెల్ ఫోనులో చదువుకొనవచ్చును గదా. 2017లో ఆరంభమైన 'దీక్ష' అట్టి పనికే యున్నది. ప్రథమ్ బుక్స్ వారు 2015లో తెరచిన 'స్టోరీవీవర్'లో తెలుగు బొమ్మల కథలు ఉచితముగా దొరకును. పరీక్ష సంగతి మాత్రము తలిదండ్రులు మరచుచున్నారు. 2010 ఏప్రిలు 1నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 ఏండ్ల పిల్లలకు బడిచదువును హక్కుగా చేసినది. ఇంటి బడి ఊసు అందులో లేదు. కాబట్టి రేపు బిడ్డ చేతిలో ఒక సర్టిఫికెట్టు ఉండునట్లు చూచు పూచీ మీదే. ఎన్.ఐ.ఓ.ఎస్. అను జాతీయ ఓపెన్ స్కూలులో 14 ఏండ్లు నిండినవారు పదవ తరగతికి కట్టవచ్చును, తెలుగులోనే వ్రాయవచ్చును. ఒకసారి పేరు నమోదైనచో 5 ఏండ్లలో 9 అవకాశములున్నవి. గాజులు తాకట్టు పెట్టవలసిన పని యేమి?

ఇక ఆశ చూపుట. ఇందులో మొదటి దోషిని నేనే. నా చిన్నవాడు కంఠతా పట్టిన ఒక్కొక్క కీర్తనకు పది రూపాయలు ఇచ్చుచుంటిని. ఏడు కీర్తనలు వచ్చినవి. వాడు సంఘమందరి యెదుట అప్పజెప్పుచుండగా నా గుండె ఉప్పొంగెను. ఒకనాడు మంచము పట్టిన ముసలమ్మ యొకతె, "బాబూ, ఒక కీర్తన చెప్పుము" అని అడిగినది. వాడు నా చెవియొద్దకు వంగి, "నాన్నగారూ, దీనికెంత?" అనెను. ఆ ప్రశ్న వానికి నేర్పినవాడను నేను.

పండితులును దీనిని పరీక్షించిరి. లెప్పరు, గ్రీను, నిస్బెట్టు అను మువ్వురు 1973లో ప్రకటించిన పరిశోధన యొకటి కలదు. బొమ్మలు వేయుటయందు సహజముగా ఇష్టముగల చిన్నపిల్లలలో కొందరికి ముందుగా బహుమానము వాగ్దానము చేసి వేయించిరి. కొన్నాళ్లకు చూడగా, ఆ పిల్లలే తక్కినవారికంటె తక్కువగా బొమ్మలు వేయుచుండిరి. ఉన్న యిష్టమును బహుమానము తినివేసినది.

మరి మనసు ఎట్లు పుట్టును? బిడ్డ నేర్చినది ఇంటిలో ఎవరికైన అక్కరకు వచ్చినప్పుడు పుట్టును. అవ్వకు మందు సీసామీది అక్షరములు చదివి చెప్పువాడు చదువెందుకని అడుగడు. పాలవాని లెక్క, కరెంటు బిల్లు వాని చేతికిచ్చి చూడుడి. ఇంగ్లాండులో షార్లెట్ మేసన్ (1842–1923) చెప్పిన పద్ధతి మిక్కిలి చౌకయైనది: పాఠము పొట్టిగా నుండవలెను, ఒక్కసారే చదివి వినిపింపవలెను, పిమ్మట బిడ్డ దానిని తన మాటలలో తిరిగి చెప్పవలెను. దీనికి పుస్తకముల పెట్టె అక్కరలేదు. ఎదుట కూర్చుండి వినుటకు పెద్దవారొకరు కావలెను. చిక్కంతయు అక్కడనే యున్నది. సాయంత్రము ఇంటికి వచ్చి ఫోనులో తల దూర్చు తండ్రి, తానియ్యవలసిన గంటకు బదులు పెట్టె కొని యిచ్చుచున్నాడు.

సుసన్నా వెస్లీ (1669–1742) యొద్ద ఏ పెట్టె యుండెను? 1705లో భర్త అప్పుకై చెరసాల పాలాయెను. 1709లో ఇల్లు కాలిపోయెను. అయినను ఐదేండ్లు నిండిన ప్రతి బిడ్డను కూర్చుండబెట్టి దినమునకు ఆరు గంటలు చదివించెను. బెత్తము విషయమున నేనామెతో ఏకీభవింపను. బడిలో బిడ్డను కొట్టరాదని చట్టముండగా, బడికంటె ఇల్లు కఠినముగా నుండతగునా? అయితే 1732లో కుమారుడైన జాను వెస్లీకి వ్రాసిన జాబులో ఆమె పెట్టిన నియమమొకటి మనకు సిగ్గు తెప్పింపవలెను. ఆడపిల్ల బాగుగా చదువ నేర్చువరకు దానికి కుట్టుపని మొదలగునవి నేర్పరాదని ఆమె కట్టడ.

మనయొద్ద జరుగునదేమి? ఇంటి బడి యని పేరు పెట్టి కుమార్తెను పొయ్యియొద్ద నిలువబెట్టిన తండ్రులను నేనెరుగుదును. తమ్ముడు పుస్తకము తెరచు వేళకు అక్క అంట్లు తోముచుండును. బడికి పోయినచో లోకము చెడగొట్టునని భయమట! తమ్ముని చెడగొట్టదా ఆ లోకము? వానికి ట్యూషను, ఆమెకు చంకలో చంటిబిడ్డ. దీనిని విశ్వాసమని పిలువకుడి. ఇది కూలి యియ్యని పని.

నక్షత్రముల చార్టున్న ఆ యింటిలోను పదునైదేండ్ల అమ్మాయి యున్నది. ఆనాడు నాకు కాఫీ తెచ్చి యిచ్చినది ఆమెయే. చార్టుమీద తమ్ముని పేరే యుండెను, ఆమె పేరు లేదు. వచ్చే నెల మరల ఆ యింటికి వెళ్లుదును. పెద్దమ్మాయి పేరు ఏ పరీక్షకు కట్టితిరని ఆ తండ్రిని అడిగెదను. కట్టలేదన్నచో ఆమెయు, ఆయనయు, నేనును కలిసి కూర్చుండి దరఖాస్తు నింపువరకు ఆ యింట కాఫీ త్రాగను.