చిట్టా రాసే డిస్కు

నిమిషానికి 7,200 చుట్లు! పెద్ద హార్డ్‌డిస్కు లోపల పళ్లెం తిరిగే వేగమిది. 1992లో సీగేట్‌ కంపెనీ బారకుడా డిస్కుతో దీన్ని అందుకుంది. అప్పుడు అందులో పట్టింది సుమారు 2 గిగాబైట్లు. ఇప్పుడు 20 టెరాబైట్ల డిస్కులు దొరుకుతున్నాయి. చుట్లు మాత్రం అవే 7,200. గోదాము పదివేల రెట్లు పెరిగినా గుమ్మం అంతే ఉందన్నమాట!

20 టెరాబైట్లను వరసగా చదివితే ఒక రోజులో అయిపోతుంది. అదే 4 కిలోబైట్ల ముక్కలుగా, అక్కడొకటి ఇక్కడొకటి ఏరుకొస్తే? హెడ్డు జరగాలి, పళ్లెం తిరిగి రావాలి. సెకనుకు 80 ముక్కలు తెచ్చినా దాదాపు రెండేళ్లు!

పేరు చెబితే దాని తాలూకు సమాచారాన్ని అందించే చిన్న లైబ్రరీలు ప్రోగ్రాముల్లోనే ఒదిగి ఉంటాయి. వీటిని కీ-వాల్యూ స్టోర్లంటారు. పెద్ద డిస్కు కోసం వీటిని తయారుచేసేవారికి తలనొప్పి ఆ హెడ్డుతోనే.

బేరాల వేళ షావుకారు ఎవరి పేజీ ఎక్కడుందో వెతుకుతూ కూర్చోడు. వచ్చింది వచ్చినట్టు చిట్టాలో రాసేస్తాడు. తీరిగ్గా ఆవర్జాలోకి ఎక్కిస్తాడు. 2010లో బాషో సంస్థ తెచ్చిన బిట్‌కాస్క్‌ చేసేదీ దాదాపు ఇదే. ఏ మార్పయినా ఫైలు చివరే చేరుతుంది. తుడిచేయమన్నా ‘ఇది లేదు’ అని ఇంకో పద్దు రాస్తుందే తప్ప పాతదాన్ని అప్పటికప్పుడు చెరపదు. చెత్తంతా తర్వాత ఏరేస్తుంది. ఏ పేరు ఎక్కడుందో మెమరీలో గుర్తుంచుకుంటుంది. చిక్కల్లా అక్కడే. పేరుకు 50 బైట్లనుకున్నా 100 కోట్ల పేర్లకు 50 గిగాబైట్ల మెమరీ కావాలి.

గూగుల్‌లో జెఫ్‌ డీన్‌, సంజయ్‌ ఘెమావత్‌ రాసిన లెవెల్‌డీబీ (2011) వేరే దారి పట్టింది. పేర్లను వరసలో పేర్చి ఫైళ్లుగా రాసి, వాటిని కలుపుకుంటూ పోతుంది. మెమరీ మిగులుతుంది కానీ ఒకే సమాచారాన్ని పదేపదే తిరగరాయాలి.

మరి కరెంటు పోతే? ‘రాసేశాను’ అని చెప్పేముందు ప్రతి పద్దూ పళ్లెం మీదికి చేరిందో లేదో చూసుకుంటే వేగం చతికిలపడుతుంది. అందుకే లెవెల్‌డీబీ మామూలుగా ఆగదు. ప్రోగ్రాం ఆగిపోతే ఫర్వాలేదు, యంత్రమే ఆగిపోతే చివరి పద్దులు కొన్ని గల్లంతు కావచ్చు. పాటల జాబితా అయితే సరే. డబ్బు లెక్కలు పెట్టుకునేవారు మాత్రం ‘సింక్‌’ అనే మీట నొక్కాలి. పదిమంది పద్దులను కలిపి ఒక్కసారే రాస్తే ఆ భారం కొంత తగ్గుతుంది.