అడిస్ అబాబా టైమ్: మీటింగ్ 2 గంటలకా.. 8 గంటలకా?

ఇథియోపియా 2024లో బ్రిక్స్‌లో చేరింది. ఆఫ్రికన్ యూనియన్ హెడ్‌క్వార్టర్స్ ఆ దేశ రాజధాని అడిస్ అబాబాలోనే ఉంది. బిజినెస్, ఉద్యోగాల కోసం అక్కడికి వెళ్లే మనవాళ్లకు మొదటి పరీక్ష పెట్టేది మాత్రం గడియారమే!

టైమ్ జోన్ లెక్క సింపుల్. మనకంటే రెండున్నర గంటలు వెనక. మన దగ్గర ఉదయం 10.30 అయితే అక్కడ 8. ఫోన్‌లోనూ 8 అనే కనిపిస్తుంది. కానీ లోకల్ వాళ్లను అడిగితే '2 గంటలైంది' అంటారు. ఇక్కడే అసలు ట్విస్ట్.

ఎందుకిలా?
అక్కడ గంటల లెక్క తెల్లవారుజాముతో మొదలవుతుంది. మన ఉదయం 7 వాళ్లకు ఒంటిగంట. సాయంత్రం 7 అయితే మళ్లీ ఒంటిగంట. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలైనట్టే అన్నమాట. భూమధ్యరేఖకు దగ్గరి దేశం కావడంతో సూర్యోదయం టైమ్ ఏడాదంతా పెద్దగా మారదు. అందుకే ఈ లెక్క అక్కడ చక్కగా కుదురుతుంది.

రిస్క్ ఎక్కడ?
ఫ్లైట్ టికెట్‌పై ఉండేది ఇంటర్నేషనల్ టైమ్. ట్యాక్సీ డ్రైవర్‌ని '10 గంటలకు రండి' అంటే సాయంత్రం 4కి రావచ్చు. ఈలోపు ఫ్లైట్ వెళ్లిపోతుంది!

తేదీలతోనూ జాగ్రత్త. వాళ్ల క్యాలెండర్‌లో 13 నెలలు. 2025 సెప్టెంబర్ 11న అక్కడ 2018 మొదలైంది. అగ్రిమెంట్‌పై సంతకం పెట్టేముందు ఏ క్యాలెండర్ తేదీయో చూసుకోవాల్సిందే.

అపాయింట్‌మెంట్ ఏదైనా ఒక్క ప్రశ్న తప్పనిసరి: 'లోకల్ టైమా, ఇంటర్నేషనల్ టైమా?'