అంగిలి కూడా చూడాలి

శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో అడ్డపొగ అంటే తెలియనివారు అరుదు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చే ఈ అలవాటు ఎక్కువగా ఆడవారిది. పొలంలో గాలికి నిప్పు ఆరదని, చినుకులకు తడవదని, నలుగురి కంటా పడదని కారణాలు చెబుతారు. పంటినొప్పికి మందని మొదలుపెట్టి మానలేకపోయినవారూ ఉన్నారు. తల్లిని చూసి కూతురు నేర్చుకున్న అలవాటిది.

ఈ జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లను వైద్య పరిశోధకులు పరీక్షించి, 1971లో ఫలితాలు ప్రకటించారు. నూటికి సుమారు 44 మంది అడ్డపొగ తాగేవారేనని అందులో తేలింది. నేటి కోడళ్లలో ఈ అలవాటు బాగా తగ్గింది. సంతోషించవలసిన విషయమే. కాని ఏళ్ల తరబడి కాల్చిన పెద్దవారి సంగతేమిటి?

పొగ, వేడి రెండూ నేరుగా తగిలేది అంగిలికి. మొదట అంగిలి తెల్లబడి, దానిపై ఎర్రటి చుక్కలు తేలుతాయి. తరువాత ఎర్రమచ్చలు, పుండ్లు రావచ్చు. కొందరిలో అది కేన్సరుగా మారుతుంది. చిక్కంతా ఎక్కడంటే, తొలిదశలో నొప్పి ఉండదు. తన అంగిలి తనకు కనబడదు. కారం తగిలి మంట పుట్టినా ‘వేడి చేసింది’ అని మజ్జిగ తాగి ఊరుకుంటారు. ముదిరాక పైదవడలో కొంత భాగం తీసివేయవలసి రావచ్చు. అప్పుడు తాగిన గంజి ముక్కులోంచి వస్తుంది, మాట ముద్దగా వస్తుంది. ముందే కనిపెడితే ఇంత అవస్థ చాలావరకు తప్పుతుంది. చుట్ట మానినవారిలో అంగిలి మచ్చలు తగ్గడం ఈ జిల్లాలోనే తరువాత జరిగిన పరిశీలనల్లో కనిపించింది. అరవై ఏళ్లు దాటాక మాని ఏం లాభమని పెదవి విరిచే మామ్మలకు ఈ సంగతి చెప్పాలి.

30 ఏళ్లు దాటినవారికి ఐదేళ్లకొకసారి నోటి పరీక్ష జరగాలని 2016 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. గుట్కా, ఖైనీ వాడేచోట బుగ్గలు, నాలుక ముఖ్యం కావచ్చు. ఇక్కడ అవి చూసి కాగితం నింపితే చాలదు. తల వెనక్కి వాల్చమని, కట్టుడుపళ్లుంటే తీయించి, టార్చిలైటు వేసి అంగిలి చూడాలి. అడ్డపొగ తాగేవారికి ఐదేళ్ల గడువు కూడా ఎక్కువే. ఏటా చూడటం వాంఛనీయం. అడిగే తీరూ ముఖ్యమే. మగవారి ముందు ‘చుట్ట కాలుస్తావా?’ అంటే లేదనే జవాబు వస్తుంది. ఆ ప్రశ్న ఆశా కార్యకర్త ఇంటి లోపల, ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి.

సిగరెట్టు పెట్టె మీద హెచ్చరిక బొమ్మ ఉంటుంది. ఆకు కొని ఇంట్లో చుట్టుకున్న చుట్టకు అదీ లేదు. కనుక హెచ్చరిక మనుషులే చెప్పాలి.

రెండు వారాలు దాటినా మానని పుండు, ఎర్రమచ్చ, కారణం లేకుండా కదిలే పైపన్ను కనిపిస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అక్కడినుంచి జిల్లా ఆసుపత్రికి వెళ్లాలి. కేన్సరని తేలితే విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది. అయితే పల్లె నుంచి ముసలమ్మ ఒక్కతే అంతదూరం వెళ్లలేదు. తోడు వెళ్లేవారికి ఆ రోజు కూలి పోతుంది. మచ్చలున్నవారిని మండలానికొక రోజు చొప్పున ఒకేసారి వాహనంలో తీసుకువెళ్లే ఏర్పాటును జిల్లా వైద్యాధికారులు పరిశీలించాలి.