సర్వైవల్ నైఫ్ కొనే ముందు ఒకసారి కొలిమి దగ్గరికి వెళ్లండి

"అన్నా, పొలంలోకి, బయట తిరగడానికి ఏ సర్వైవల్ నైఫ్ కొనమంటారు?" అని మన కుర్ర రైతులు తెగ అడుగుతున్నారు. కత్తులు వీడియోలో చూపించాను, నా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నా. మన పనికి అది వద్దండి. ఆ డబ్బుతో ఊళ్లో కమ్మరి చేత కత్తి చేయించుకోండి.

1982లో 'ఫస్ట్ బ్లడ్' సినిమా వచ్చాక ఆ కత్తుల మోజు పెరిగింది. వెనక రంపం పళ్లు, బోలు పిడి, పిడిలో అగ్గిపుల్లలు, గాలం. చూడ్డానికి భలే ఉంటుంది. కానీ పిడి బోలుగా ఉందంటే లోపలికి దిగిన ఇనుము పొట్టిదని అర్థం. రోజూ కొబ్బరి మట్టలు నరికితే ముందు కదిలేది ఆ అతుకే.

అయినా మనకి ఆపదంటే అడవిలో తప్పిపోవడం కాదు కదా. ముక్తేశ్వరంలో ఉన్నవాడికి అది గోదావరి వైపు నుంచో సముద్రం వైపు నుంచో వస్తుంది. 1986 ఆగస్టు వరద గురించి, 1996 నవంబరు 6 తుపాను గురించి ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. మర్నాడు దారికి అడ్డంగా పడ్డ మట్టలు నరకాలి, నీళ్లొస్తుంటే పశువు పలుపు తెంచాలి, తాగడానికి బోండాం కొట్టాలి. దీనికి బరువున్న మన కత్తే కావాలి. మిగతా రోజుల్లో అదే కత్తితో గ్లిరిసిడియా కొమ్మలు నరికి ఆచ్ఛాదనకి వేసుకుంటాం.

చేయించడానికి పాత లారీ కమాను పట్టీ తీసుకెళ్లండి. మంచి స్ప్రింగు ఉక్కు అది. కానీ కొలిమిలో పెట్టగానే దాని గట్టిదనం పోతుంది, మళ్లీ రప్పించాలి. చాలామంది కత్తులు పాడయ్యేది ఇక్కడే. రూపం వచ్చాక అంచుని ఎర్రగా, అయస్కాంతం అంటుకోనంత వేడికి తెచ్చి నూనెలో ముంచాలి. నీళ్లలో ముంచితే పగుళ్లు రావచ్చు. అక్కడితో ఆపితే గాజులా పెళుసు, అందుకే మళ్లీ సన్నసెగ మీద కాచమనండి. చల్లారాక ఆకురాయి పెట్టి చూడండి. జారిపోతే ఇంకా పెళుసుగా ఉన్నట్టు, సులువుగా అరిగితే గట్టిపడనట్టు. కాస్త కష్టపడి పట్టాలి. పిడిలోకి ఇనుము చివరిదాకా దిగాలి. పిడికి తుమ్మ కర్ర బాగుంటుంది.

పదును మాత్రం గ్రైండరు మీద పెట్టించకండి. అంచు నీలంగా తిరిగిందా, పడ్డ శ్రమంతా పోయినట్టే. సానరాయి, నీళ్లు చాలు.

మన ఉప్పుగాలికి ఈ కత్తి తుప్పు పడుతుంది, నిజమే. తుడిచి కొబ్బరి నూనె రాయండి, మనకి అదేమైనా కరువా? జేబులో పెట్టుకునే చిన్న కత్తయితే స్టెయిన్‌లెస్‌దే కొనుక్కోండి, నాకేం అభ్యంతరం లేదు. ఏ కత్తైనా అరటి పిలకలు తీశాక కడగాలి. పనామా తెగులు ఆ మట్టితోనే పక్క తోటకి పోతుంది.

ఇంకో మాట. ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాలు మించిన పొడవు గానీ, 2 అంగుళాలు మించిన వెడల్పు గానీ ఉన్న కత్తులకి ఆంక్షలున్నాయి. వ్యవసాయానికి, ఇంటి వాడకానికి చేసినవాటికి మినహాయింపు ఉంది. బాకులాంటి కత్తి నడుముకి కట్టుకుని రైతునంటే ఎవరు నమ్ముతారండి?

కమ్మరి దగ్గర బేరం ఆడకండి. ఆన్‌లైన్ కత్తికి అడిగినంతా ఇచ్చేవాళ్లం ఆయన దగ్గర యాభై కోసం వాదిస్తాం. కొలిమి ఆరిపోతే రేపు మన పార, కొడవలి ఎవరు సాగదీస్తారు? ఒక్క కత్తి కోసం బొగ్గు రాజేస్తే ఆయనకి గిట్టదు, నలుగురు కలిసి ఒకేసారి పట్టీలు తీసుకెళ్లండి. తుపానులు అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువ కాబట్టి దసరా లోపే ఈ పని అయ్యేలా చూసుకోండి.