చందా అడిగేవాడికి తాలీమ్ అక్కర్లేదా?

పోయిన రంజాన్‌లో ఒకరోజు అసర్ నమాజ్ చదువుకుని ఇంటికొస్తుంటే ఫోన్ మోగింది. తెలియని నంబరు. "అస్సలాము అలైకుమ్ భాయ్‌జాన్, మీరు మన కాలేజీలో చదివారంట కదా" అన్నాడొక పిల్లాడు. గొంతు వింటే ఇరవై కూడా దాటినట్టు లేదు. సలామ్‌కి జవాబిచ్చి, "చదివాను బేటా, నా పేరేంటో తెలుసా?" అన్నాను. తెలీదు. ఏ సాల్‌లో పాసయ్యానో, ఏ గ్రూపో అదీ తెలీదు. ఎవరో వాడి చేతిలో నంబర్ల లిస్టు పెట్టారు. కొత్త బ్లాక్ కడుతున్నారు, స్లాబ్ పడాలి, "ఎంత రాసుకోమంటారు భాయ్‌జాన్?"

రసీదు ఇస్తారా అని అడిగాను. కనుక్కుని చెప్తానన్నాడు. ఇది జకాత్‌లోంచి ఇవ్వొచ్చా, వేరేగా ఇవ్వాలా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. పాపం, రోజా మీదున్నాడు. ఇంకా సతాయించడం ఇష్టంలేక పెట్టేశాను.

ఆ పిల్లాడి మీద నాకేం గుస్సా లేదు. వాడినక్కడ కూర్చోబెట్టిన కమిటీ సాబ్‌ల మీదే నా గుస్సా అంతా. ఉర్దూ మీడియం బడి నుంచి వచ్చి డిగ్రీలో తెలుగు తీసుకుని, సంధులూ సమాసాలూ నోరు తిరగక క్లాసులో నవ్వులపాలైన నన్ను, అదే కాలేజీలో ఒక ఉస్తాద్ సాయంత్రాలు కూర్చోబెట్టి చదివించారు. ఇవాళ నాలుగు అక్షరాలు రాసి రోటీ తింటున్నానంటే ఆయన చలవే. ఆ కాలేజీ అడిగితే నేను ఇవ్వనా? కానీ ఇరవై ఏళ్లకు పైగా ఒక్క ఉత్తరం ముక్క లేదు, ఒక్క సలామ్ లేదు. ఆ ఉస్తాద్ ఇంతెకాల్ అయిన సంగతి కూడా ఆరు నెలల తర్వాత చాయ్ హోటల్లో ఎవరో అంటే తెలిసింది. మొదటి ఫోనే స్లాబ్ కోసం.

చందా అడగడానికి నీయత్ బాగుంటే చాలు, ఇంకేం అక్కర్లేదనే యకీన్ మన ఇదారాల్లో పాతుకుపోయింది. లెక్చరర్‌కి నెట్టో సెట్టో కావాలి. అకౌంటెంట్‌కి బీకామ్ కావాలి. వాచ్‌మన్‌కి కూడా ఎవరిదో ఒకరి సిఫారిష్ కావాలి. పాత తాలిబ్ ఇల్మ్‌లతో రిష్తా నిలిపి, వాళ్ల కష్టార్జితంలోంచి కాలేజీ కోసం అడిగేవాడికి మాత్రం ఏమీ అక్కర్లేదు. ఆరోజు ఎవడు ఖాళీగా ఉంటే వాడే.

ఈ మాట ఒక సదర్ సాబ్‌తో అంటే ఆయన నవ్వారు. "మనది గరీబ్ కౌమ్ మియా, ఐఐటీలతో పోల్చుకుంటే ఎట్లా" అన్నారు. సరే, ఐఐటీల సంగతే చూద్దాం. 2023లో నందన్ నీలేకని తాను చదివిన ఐఐటీ బాంబేకి 315 కోట్లు ఇచ్చారు. 2024లో మన బాపట్లలో పుట్టిన కృష్ణా చివుకుల ఐఐటీ మద్రాస్‌కి 228 కోట్లు ఇచ్చారు. పేపర్లో ఆ అంకెలు చూసి మనం "మాషా అల్లా" అనుకుని పేజీ తిప్పేస్తాం. ఆ అంకెల వెనక ఏముందో చూడం. పాత విద్యార్థుల వ్యవహారాలు చూడ్డానికే అక్కడ ఒక డీన్ ఉంటాడు, ఆయన కింద తన్ఖా తీసుకునే ఆఫీసు ఉంటుంది. ఎవరు ఏ సంవత్సరం వాళ్లు, ఇప్పుడెక్కడున్నారు, కిందటిసారి ఇచ్చిన డబ్బు ఏమైందో వాళ్లకు ఎవరు చెప్పారు, ఇదంతా రాసిపెట్టుకోవడమే వాళ్ల నౌకరీ. కోటీశ్వరులు రేపు పుట్టొచ్చు, పుట్టకపోవచ్చు. రిజిస్టర్ రాయడానికి కోటీశ్వరులు కావాలా?

అమెరికాలో ఇది చదువుకుని చేసే పేషా. అక్కడి కాలేజీల చందా, పూర్వ విద్యార్థుల విభాగాల్లో పనిచేసేవాళ్లకు తర్బియత్ ఇవ్వడానికి కేస్ అనే సంస్థ 1974 నుంచీ ఉంది. ఎవరిని ఎప్పుడు అడగాలి, ఎవరిని అసలు అడక్కూడదు, ఇచ్చినవాళ్లకు షుక్రియా ఎట్లా చెప్పాలి, హిసాబ్ ఎట్లా చూపాలి, ఇవన్నీ కూర్చోబెట్టి నేర్పుతారు. మనవాళ్లు అది వింటే "షుక్రియా చెప్పడం కూడా నేర్పాలా" అంటారు. నేర్పాలి సాబ్. మీకు వచ్చుంటే నాకు ఇరవై ఏళ్లలో ఒక్క ఫోనైనా వచ్చేది.

మనకు రానిదా ఇది? సర్ సయ్యద్ సాబ్ ఏం చేశారు? 1875లో అలీగఢ్‌లో మదర్సా, ఆ తర్వాత రెండేళ్లకు కాలేజీ. దాని కోసం లాటరీ వేశారు, నలుగురూ ఛీ అన్నా స్టేజీ ఎక్కారు. గదుల మీదా ప్రహరీ గోడ మీదా ఇచ్చినవాళ్ల పేర్లు చెక్కించారు, అందులో హిందువుల పేర్లూ ఉన్నాయి. మన హైదరాబాద్ రియాసత్ నుంచి సాలార్ జంగ్ హయాంలోనే గ్రాంటు వెళ్లింది. తర్వాత సాహెబ్‌జాదా ఆఫ్తాబ్ అహ్మద్ ఖాన్ వాళ్లు అంజుమన్ అల్-ఫర్జ్ పెట్టి, గరీబు పిల్లల ఫీజుల కోసం విద్యార్థుల్నే సెలవుల్లో ఊళ్ల మీదికి పంపారు. అక్కడ చదివి బయటికెళ్లినవాళ్లు బ్రదర్‌హుడ్ పేరుతో సంపాదనలో నూటికి ఒక రూపాయి ఇస్తామని వాదా చేసుకున్నారు. 1911లో యూనివర్సిటీ కోసం ఆగా ఖాన్ ముందు నిలబడి చందాలు మొదలుపెడితే, ఓల్డ్ బాయ్స్ అసోసియేషన్ నడిపిన మౌలానా షౌకత్ అలీ ఆ పని మీదే దేశమంతా తిరిగారు. సర్కారు పెట్టిన షర్తు 30 లక్షలు. 1920లో యూనివర్సిటీ వచ్చింది. మొదటి ఛాన్సలర్‌గా కూర్చున్నది భోపాల్ బేగం సుల్తాన్ జహాన్, ఒక ఔరత్.

ఈ కథలో మన జల్సాల్లో ఎవరూ చెప్పని ముక్క ఇంకోటుంది. 1895లో అలీగఢ్ కాలేజీలో లెక్కలు చూసే హెడ్ క్లర్క్ లక్ష రూపాయలకు పైగా మింగేసినట్టు బయటపడింది. ఆ రోజుల్లో లక్ష! సర్ సయ్యద్ అంతటి మనిషి, కూడబెట్టడంలో ఉస్తాద్. కూడబెట్టిన దాని మీద నిఘా పెట్టే ఇంతెజామ్ మాత్రం లేకపోయింది. ఆఖరి రోజుల్లో ఆయన్ని కుంగదీసిన దెబ్బల్లో అదొకటి. 1898లో ఆయన పోయారు. "నీయత్ బాగుంటే చాలు" అనే సదర్ సాబ్‌లు ఈ ముక్కని ఒకసారి చదువుకోవాలి.

"చందా వసూలు చేసేవాడికి జీతమా, అది ఖిద్మత్ కదా, హరామ్ కాదా" అనేవాళ్లున్నారు. సూరా తౌబాలో జకాత్ ఎవరెవరికి చెందుతుందో ఎనిమిది మద్దులు చెప్పారు కదా, ఫకీర్, మిస్కీన్ తర్వాత మూడోది ఎవరిది? ఆమిలీన్‌ది, అంటే వసూలు చేసే పనిలో ఉన్నవాళ్లది. కాలేజీ ఆఫీసర్ జీతం జకాత్‌లోంచి తియ్యమని నేననడం లేదు, ఆ మసలా ముఫ్తీ సాబ్‌లది. వసూలు అనేది మెహనత్ అని, దానికి ఉజ్రత్ ఉంటుందని దీన్ ఎప్పుడో ఒప్పుకుంది అంటున్నా, అంతే.

మదర్సాల సఫీర్ సాబ్‌లని చూడండి. ఏటా రంజాన్‌లో మా ఇంటికి వచ్చే ఒక పెద్దాయన, ఆ ఏడు మా అబ్బా లేరని తెలిసి గుమ్మంలోనే నిలబడి మగ్‌ఫిరత్ దువా చేశారు. నాతో రెండు మాటలు మాట్లాడారు. ఆ తర్వాతే సంచీలోంచి రసీదు బుక్కు తీశారు. ఆ హునర్ ఆయనకు ఏ కోర్సులో రాలేదు, పాతికేళ్లు గల్లీ గల్లీ తిరిగితే వచ్చింది. కానీ అలాంటి సఫీర్లలో చాలామందికి ఇచ్చేది కమీషన్, వందకి ఇంత అని. ఉజ్రత్ ఎంతో ముందే తేలాలి కాబట్టి ఇది దురుస్తు కాదని ముఫ్తీలు ఎంతోమంది చెప్పారు. తమాషా ఏంటంటే అమెరికాలో చందాల పేషా చేసేవాళ్ల సంఘం కూడా తన ఉసూళ్లలో అదే రాసుకుంది. వసూలైన దాంట్లో పర్సంటేజీ తీసుకోకూడదు, జీతమే తీసుకోవాలి. ఫిఖ్‌హ్ ఒప్పుకోనిది, వాషింగ్టన్ ఒప్పుకోనిది మన కాలేజీ కమిటీలకు మాత్రం నడుస్తుంది. ఒక చోట పుట్టిన బ్రోకర్ ఇంకో చోటికి పాకుతాడు.

ఇంక కానూన్ సంగతి. దుబాయ్, జిద్దా, రియాద్‌లో ఉన్న మనవాళ్ల దగ్గర అడగాలంటే "ఎఫ్‌సీఆర్‌ఏ భాయ్, లఫ్డా అవుతుంది" అని వెనక్కి తగ్గుతారు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాడు తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ చందా కిందకి రాదని తెలిసినవాడు మన కమిటీల్లో ఎందరున్నారు? అదే అమెరికా పౌరసత్వం తీసుకున్నవాడు పంపితే, ఓసీఐ కార్డున్నా సరే, అది విదేశీ చందానే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ కావాలి, డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్‌లో తెరిచిన ఖాతాలోకే రావాలి. ఈ రెండింటి మధ్య తేడా తెలియక ఒకవైపు హలాల్ డబ్బు వదులుకుంటున్నాం, ఇంకోవైపు తెలియకుండా కేసుల్లో ఇరుక్కునే పని చేస్తున్నాం. 80జి కూడా అంతే. రెండు వేలు దాటి నగదు ఇస్తే టాక్స్ మినహాయింపు రాదు, ఆ సర్టిఫికెట్ రావాలంటే ఇదారా తన వైపు నుంచి వివరాలు టాక్స్ శాఖకి పంపాలి. ఆ పిల్లాడికి ఇదంతా ఎవరు చెప్పారు? వాడిని వదిలేయండి, సదర్ సాబ్‌కి ఎవరు చెప్పారు?

జకాత్ డబ్బు వేరు, స్లాబు డబ్బు వేరు. జకాత్ గరీబు పిల్లవాడి చేతికి చేరాలి, సిమెంటులోకి పోకూడదని ఉలమాలో ఎక్కువమంది అంటారు. రెండు ఖాతాలు పెట్టి, రెండు రంగుల రసీదు బుక్కులు అచ్చువేయించడానికి ఎంత ఖర్చవుతుంది? మీ సాలానా జల్సాలో దమ్ బిర్యానీకి అయ్యేదాంట్లో పదో వంతు కూడా కాదు.

ఇంకొకటి, ఇది నాకు మా బేగం చెప్పేదాకా తట్టలేదు. "మీ ఓల్డ్ బాయ్స్‌లో మేమెక్కడ?" అంది. తనూ డిగ్రీ చదివింది. కాలేజీ రిజిస్టర్‌లో తన పేరు ఎదురుగా ఉన్నది వాళ్ల అబ్బా ల్యాండ్‌లైన్ నంబరు. నికా అయింది, ఊరు మారింది, ఆ ఫోనూ పోయింది, తను కాలేజీ లెక్కలోంచి గాయబ్. మన కాలేజీల్లో చదివిన ఆపాలు, బాజీలు ఇవాళ టీచర్లు, నర్సులు, సాఫ్ట్‌వేర్లో ఉన్నారు. వాళ్లని వెతికి పట్టుకోవడం తెలిసినవాడికి అదే ఒక ఖజానా. కానీ మనవాళ్లు పిలిచేది "పాత విద్యార్థులు, సోదరులు". కుర్చీలు వేసేది మర్దానా వైపు.

నేను అడిగేది పెద్దదేం కాదు. పది కాలేజీలున్న బస్తీలో ఏ ఒక్కదానికీ ఇంత ఖర్చు పెట్టే తాకత్ లేకపోతే, ఐదు కలిసి ఒక్క మనిషిని పెట్టుకోండి. ఎంసీజేనో ఎంబీఏనో చదివి, ఉద్యోగం లేక ఉబర్ తోలుతున్న మన పిల్లలు చాలామందే ఉన్నారు. ఆడపిల్లైతే ఇంకా మంచిది. కమీషన్ కాకుండా నెల తన్ఖా ఇవ్వండి. తర్బియత్‌కి పంపండి, ఈ పని నేర్పే కోర్సులు ఇప్పుడు ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్‌లో చదవొచ్చు. మొదటి ఏడాది ఒక్క రూపాయి అడగొద్దని చెప్పండి. పాత రిజిస్టర్లు దులపమనండి, ఒక్కొక్కరికి ఫోన్ చేసి ఎక్కడున్నారు, ఎట్లా ఉన్నారు, ఏ ఉస్తాద్ గుర్తున్నారు అని అడగమనండి. పాత ఉస్తాద్ ఎవరైనా పోతే ఆ రోజే ఖబర్ ఇవ్వమనండి.

సదర్ సాబ్‌లకు కోపం వస్తుందని తెలుసు. రానివ్వండి. నేనా స్లాబ్‌కి డబ్బులు పంపాను, రసీదు ఇంకా రాలేదు. నా డిగ్రీ హాల్ టికెట్ నంబరు ఇప్పటికీ కంఠతా ఉంది. ఎవరైనా అడిగితే చెప్తా.